త్రీఫేజ్ వారి ఒకే ఒక్క క్యాసెట్

మా బరంపేటలో దానియేలంత గొంతున్నవాడు ఇంకొకడు లేడని మొదట చెప్పింది దానియేలే. అందులో అబద్ధమేమీ లేదు. నరసరావుపేట పత్తి మిల్లులో కాటా దగ్గర పని అతనిది. పత్తి బోరెం కాటా ఎక్కగానే తూకం కేకేసి చెప్పాలి, మిషన్ల రొదలో అవతలి షెడ్డుకు వినపడాలి. ఏళ్ల తరబడి అలా అరిచిన గొంతు పాటకు దిగితే వీధి చివరి సైకిలు షాపు దాకా వెళ్లేది. తన గొంతంటే అతనికి ఎంత ముద్దంటే, చర్చిలో ఇంకొకరు పాడుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

ఎనభై ఆరులో రేడియో రిపేరు ముర్తుజా ఒక పాత గిటారుకు కరెంటు తగిలించాడు. పెళ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టే నాగూర్ వలి వచ్చి కలిశాడు. దానియేలుతో కలిపి ముగ్గురూ ‘త్రీఫేజ్’ అని పేరు పెట్టుకున్నారు. సినిమా పాట పాడేది లేదు, దేవుడి పాట పాడేది లేదు. అన్నీ సొంతవే: మిల్లు మీద, మాచర్ల బస్సు మీద, మిరప కల్లాల మీద. ప్రాక్టీసు దానియేలు ఇంట్లోనే. అతని భార్య రత్నకుమారి వాళ్లకు టీలు కాస్తూ, వంటింట్లోంచే ఎనిమిది పాటలూ నేర్చేసుకుంది. నీకు వచ్చా అని ఆమెను ఎవరూ అడగలేదు.

క్యాసెట్టు వేద్దామనుకుని, మద్రాసు స్టూడియోకి ముందుగా నమూనా పంపాలని ఒక సాయంత్రం ముర్తుజా టేప్‌రికార్డర్‌లో పాటలన్నీ పట్టారు. సాయంత్రాలు మా కరెంటు సంగతి చెప్పాలా? మిల్లులూ పొలాల్లో మోటార్లూ లాగేసుకోగా మిగిలిందే మాకు. బల్బులో తీగ ఎర్రగా కనపడేది, మనుషులు కనపడేవాళ్లు కాదు. ఆ కరెంటుకు టేపు ఈడ్చుకుంటూ తిరిగింది. అలా నెమ్మదిగా పట్టిన పాట మద్రాసు కరెంటులో పెట్టేసరికి పరుగందుకుంది. దానియేలు గొంతు ఉన్నచోటు కంటే చాలా పైకెక్కి కూర్చుంది. స్టూడియో ఆయన అదే అసలు శ్రుతి అనుకుని, కీబోర్డు మనిషిని ఆ శ్రుతికే సిద్ధం చేసి ఉంచాడు.

రత్నకుమారి అక్క పెరంబూరులో ఉంది. లాడ్జి ఖర్చు తప్పుతుందని రత్నకుమారినీ వెంటబెట్టుకుని ముగ్గురూ రైలెక్కారు. స్టూడియోలో టేపు వినిపిస్తే దానియేలు మురిసిపోయాడు. అంత పైన పాడగలనని అతనికే తెలియదు మరి. శ్రుతి దించమంటారా అని స్టూడియో ఆయన మర్యాదగానే అడిగాడు. టేపులో ఉన్నది నా గొంతే కదా, దించడం దేనికి అన్నాడు మావాడు. ముర్తుజా ఏదో అనబోతే కళ్లురిమాడు.

అద్దాల గదిలో నిలబడి ఎత్తుకుంటే పల్లవి దాటలేదు. పంతం కొద్దీ మళ్లీ మళ్లీ ఎత్తుకున్నాడు. మధ్యాహ్నానికి గొంతు పూర్తిగా పోయింది. ఇక శ్రుతి దించినా పాడే స్థితిలో లేడు. స్టూడియో ఇంకో రోజు దొరకదు. వాయిద్యాలైనా పట్టుకుందాం, పాట ఎక్కడ అందుకోవాలో తెలియడానికి ఎవరైనా సన్నగా అనండి అన్నాడు స్టూడియో ఆయన. బెంచీ మీద కూర్చున్న రత్నకుమారి అందుకుంది. ఆయన రెండు చరణాలు విని అద్దం ఇవతలికి వచ్చి, ఎనిమిదీ మీరే పాడండమ్మా అన్నాడు. ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు నేల వైపు చూశాడు. సాయంత్రానికి పాడేసింది.

తిరుగు రైల్లో ఆమె అన్నం పొట్లం విప్పి ఇస్తే ఆకలి లేదన్నాడు. పరాయివాళ్ల మీద అసూయ పుడితే వాళ్ల గడప తొక్కకుండా ఉండొచ్చు. ఇతని అసూయ రోజూ ఇతనికే అన్నం వడ్డించేది.

క్యాసెట్టు అట్ట మీద కొండవీడు మెట్ల దగ్గర నల్లకళ్లద్దాలతో ముగ్గురు మగవాళ్లు ఉన్నారు. కింద చిన్న అక్షరాల్లో ‘సహకారం: శ్రీమతి దానియేలు’ అని వేయించాడు. పేరు కూడా తనదే. షాపువాడు ఇది సినిమా కాదు కాబట్టి భక్తి పాటల అరలో పెట్టాడు. ఏవో కొన్ని అమ్ముడుపోయాయి. నకరికల్లు నుంచి పెళ్లివారు వచ్చి, పాడిన అమ్మాయి వస్తానంటే ప్రోగ్రాం పెట్టిస్తామన్నారు. మా ఆడవాళ్లు స్టేజీ ఎక్కరని దానియేలు చెప్పి పంపేశాడు. దాంతో నాగూర్ వలి పెళ్లి బ్యాండుకూ, ముర్తుజా రేడియోలకూ తిరిగి వెళ్లిపోయారు. జరిగిందంతా కరెంటు వల్లేనని ముర్తుజా విప్పి చెప్పాక దానియేలుకు మంట ఇంకా పెరిగింది. ఇంట్లో ఆమె చీపురు పట్టుకుని ఏదైనా కూనిరాగం తీస్తే చాలు, దగ్గేవాడు. కొన్నాళ్లకు ఆమె తీయడం మానేసింది. త్రీఫేజ్ కథ ముగిసిందని అందరం అనుకున్నాం.

ఎనభై ఎనిమిదిలో ముప్పాళ్ళ నుంచి యల్లమంద అనే కుర్రాడు మిల్లులో కొత్తగా చేరాడు. దానియేలు అతని దగ్గర తన గొంతు గురించి ఎన్ని కోతలు కోశాడో ఏమో, వాడు వెతికి వెతికి భక్తి అరలోంచి ఆ క్యాసెట్టు కొనేశాడు. తనకు టేప్‌రికార్డర్ లేదు కాబట్టి ఒక సాయంత్రం తిన్నగా దానియేలు ఇంటికే తెచ్చి, అతను వద్దనేలోపు అక్కడున్న టేప్‌రికార్డర్‌లో పెట్టేశాడు.

బల్బు ఎర్రగా ఉంది. టేపు ఈడుస్తోంది. రత్నకుమారి గొంతు సాగి సాగి, బరువెక్కి, అచ్చం మగగొంతై వచ్చింది. గడపలో బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది.

“అన్నా, ఏం గొంతన్నా నీది!” అన్నాడు యల్లమంద. “మిల్లులో అంటే నమ్మలా. చానా బాగా పాడావ్.”

రెండేళ్లుగా దానియేలు ఆకలిగొని ఉన్నది ఆ మాటకే. అతని మొహం విచ్చుకుంది. భార్య వైపు మాత్రం చూడలేదు.

“ఏదోలేరా. పుట్టుకతో వచ్చింది” అన్నాడు.

అప్పుడే మిల్లు కూత కూసింది. షిఫ్టు దిగింది, మోటార్లు ఆగాయి. బల్బు తెల్లగా వెలిగింది. టేపు నడక అందుకుంది. యల్లమంద తల ఊపుతుండగానే ఆ మగగొంతు మెల్లగా మెట్లెక్కుతూ ఎక్కుతూ ఆడగొంతై, పల్లవి పై అంచున, దానియేలు ఆ రోజు అందుకోలేకపోయిన చోట, నిబ్బరంగా నిలబడింది. కుర్రాడు టేపు వంకా, దానియేలు వంకా, గడప వంకా చూశాడు.

దానియేలు చెయ్యి మీట మీదికి వెళ్లింది.

రత్నకుమారి చాట పక్కన పెట్టి లేచింది. వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

“ఆపమాకండి. నేనింకా పాడతన్నా.”