ఓడిపోవడానికి నింపిన చార్టు

ఆర్డిత్ స్టకీ నడిపే పందెంలో ఒక్క డాలరు కూడా చేతులు మారదు. అయినా మార్చి నెల వచ్చిందంటే ఆ జిల్లా స్కూలు బస్సుల షెడ్డులో నెరిసిన తలల వాళ్లకు కూడా తిండి సయించదు. దానికి కారణం లిక్ క్రీక్ రూటు.

ఆ రూటులో సగం దారి కంకర, మిగతా సగం బురద. వాన పడితే వాగు వంతెన మీదికి వస్తుంది. మంచు పడితే పల్లంలోకి దిగిన బస్సు మళ్లీ పైకెక్కడానికి నానా తిప్పలూ పడుతుంది. ఆ రూటు తోలేవాడు అందరికంటే ముందు బయలుదేరి అందరికంటే ఆలస్యంగా తిరిగొస్తాడు. ఒకప్పుడు దాన్ని ఎవరికి అంటగట్టాలన్న దాని మీద ఏటా రచ్చే. డ్రైవర్లకు డ్యూటీలు వేసే ఉద్యోగంలోకి ఆర్డిత్ వచ్చాక ఆ రచ్చను ఒక్క మాటతో తేల్చేసింది. కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో ఏ ఆట ఎవరు గెలుస్తారో అందరూ ముందే రాసివ్వాలి. మార్కుల్లో మొదట నిలిచినవాళ్లకు జిల్లాకు వచ్చే కొత్త బస్సు. చివర నిలిచినవాళ్లకు వచ్చే ఏడాదంతా లిక్ క్రీక్.

"ఇందులో నా పక్షపాతం ఏమీ లేదు. మీ బుర్ర, మీ ఖర్మ," అంది. ఆ రోజు నుంచి ఆ రూటు గురించి ఆమెతో ఎవరూ గొడవ పడలేదు.

అరవై దాటిన మనిషి. కత్తిరించిన తెల్ల జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, బస్సుల్లో రేడియోలు పాడైనా సరిపోయేంత గొంతు. హైస్కూల్లో తాను ఆడిన ఆట గురించి ఇప్పటికీ నిన్ననే జరిగినట్టు చెబుతుంది. బాస్కెట్‌బాల్ తనకు తెలిసినంతగా ఆ జిల్లాలో ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం. ఆ ధీమా చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. చాలాసార్లు ఆమె చెప్పిందే జరుగుతుంది కాబట్టి ఇంకాస్త మండుతుంది.

ఆమె నియమాలు గోడ మీద అంటించి ఉంటాయి. ఆటలన్నీ గళ్లుగా గీసిన చార్టు పెన్నుతో నింపాలి. గురువారం మధ్యాహ్నం మొదటి ఆటలో బంతి పైకి లేచేలోపు ఆమె చేతికివ్వాలి. ఆ తరువాత గవర్నరు వచ్చినా తీసుకోదు, ఇచ్చింది మార్చనివ్వదు. కప్పు కొట్టే జట్టును సరిగ్గా రాసినవాళ్లకు మార్కుల పెద్ద మూట. వీటన్నిటికంటే ఆమెకు ముద్దొచ్చే నియమం మరొకటుంది. ఎవరూ లెక్కచేయని చిన్న జట్టు పెద్ద జట్టును ఓడిస్తుందని ముందే రాసినవాళ్లకు, ఆ చిన్న జట్టు ర్యాంకు ఎంతో అన్ని మార్కులు. పన్నెండో ర్యాంకు జట్టు గెలిస్తే పన్నెండు. దాన్ని ఆమె ధైర్యానికి బహుమానం అనేది. ఆ బహుమానం అడిగినవాళ్లు మాత్రం పెద్దగా లేరు. ఎందుకంటే అక్కడి డ్రైవర్లంతా ఒకే జబ్బు మనుషులు. మిగతా ఆటలు ఎలా రాసినా, కప్పు మాత్రం తమ రాష్ట్ర యూనివర్సిటీ ఎర్రచొక్కాల జట్టుకే రాస్తారు. ఇండియానాలో పుట్టి ఆ జట్టు ఓడుతుందని పెన్నుతో రాయడమంటే కన్నతల్లి వంట బాగాలేదని పదిమందిలో చెప్పడమే. ఇంత తెలిసిన ఆర్డిత్ కూడా ఆ ఒక్క గడిలో ఏటా కళ్లు మూసుకునే రాసేది.

ఆ ఏడాది గురువారం పొద్దున రాయిస్ పెండర్ తన చార్టు మడిచి ఆమె బల్ల మీద పడేసి వెనక్కి తిరిగాడు. రాయిస్ భారీ మనిషి, షెడ్డులో పెద్ద నోరు అతనిదే. కిందటేడు పందెంలో నిజాయితీగా ఓడిపోయి లిక్ క్రీక్ తోలుతున్నాడు. పొద్దున తాళం చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి సాయంత్రం తిరిగిచ్చేదాకా ఆ రూటును తిట్టని రోజు లేదు. ఖాళీ గళ్లు ఉన్నాయేమోనని చార్టు విప్పిన ఆర్డిత్ కళ్లజోడు పెట్టుకుంది.

"రాయిస్, ఆగు."

"కాఫీ చల్లారిపోతోంది ఆర్డిత్."

"చల్లారనీ. ఏమిటయ్యా ఇది? ప్రతి ఆటలోనూ చచ్చు జట్టే గెలుస్తుందని రాశావు. అట్టడుగున ఉన్న పదహారో ర్యాంకు వాళ్లు కప్పు కొడతారా? కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయావా, బుర్ర మర్చిపోయావా?"

"నా చార్టు, నా ఇష్టం."

"ఎర్రచొక్కాలు కూడా మొదటాటలోనే ఇంటికా? నువ్వు? నీ ముంజేతి మీద వాళ్ల పచ్చబొట్టుందిగా! ఓడిపోదామనే రాశావు, నాకు కనబడట్లేదా? మళ్లీ లిక్ క్రీకే కావాలా నీకు?"

రాయిస్ వెళ్లి తలుపు మూసి వచ్చాడు. కుర్చీలో కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆ రూటు చివరి స్టాపులో ఒక పిల్ల ఎక్కుతుంది. పైపర్ అని."

"తెలుసు. కారిన్..." అని ఆర్డిత్ ఆగిపోయింది.

కారిన్ రాయిస్‌కు ఒక్కగానొక్క కూతురు. ఆమె చేసుకున్నవాడు రాయిస్‌కు నచ్చలేదు. నచ్చకపోతే లోపల పెట్టుకోవచ్చు, కానీ అతను కూతురి మొహం మీదే కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు, చర్చిలో పెళ్లి జరుగుతుంటే పట్టుబట్టి చేపలు పట్టడానికి వెళ్లాడు. ఆ అల్లుడు మంచివాడని తరువాత ఊరంతా అంది. రాయిస్ కూడా లోపల ఒప్పుకున్నాడు. అప్పటికి కూతురు మాట్లాడటం మానేసి ఏళ్లయింది. కిందటి ఎండాకాలం వాళ్లు లిక్ క్రీక్ చివర ఇల్లు కొనుక్కున్నారు. స్కూలు తెరిచిన రోజు బస్సు తలుపు తెరిస్తే ఎదురుగా కారిన్, చేతిలో పిల్ల చెయ్యి. ఆమె తండ్రిని చూసింది, చాలాసేపు పిల్ల చెయ్యి వదలలేదు. అతను పందెంలో ఓడి ఆ రూటుకు వచ్చాడన్న సంగతి జిల్లా అంతటికీ తెలుసు, ఆమెకూ తెలుసు. చివరికి చెయ్యి వదిలింది. అతను తాతయ్య అని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

"అయితే నోరు తెరిచి ఆ రూటు నాకే వెయ్యమని అడగొచ్చుగా? వెయ్యనా నేను?" అంది ఆర్డిత్.

"అడిగి వేయించుకుంటే ఈ ఊళ్లో దాగుతుందా? వెంటపడి వచ్చాడంటుంది కారిన్. మర్నాటి నుంచి పిల్లని కార్లో దింపేస్తుంది. ఓడిపోయి వచ్చాను గనకే ఊరుకుంది. మళ్లీ ఓడే రావాలి. నాకు వేరే దారి లేదు ఆర్డిత్."

ఆర్డిత్ చార్టు వైపు మళ్లీ చూసింది. ఓడిపోవడానికి పందెం కాసేవాణ్ణి రానిస్తే అది పందెమే కాదు. కానీ చార్టులో ఖాళీ గడి లేదు, పెన్నుతోనే ఉంది, టైముకే వచ్చింది. ఆమె కళ్లజోడు తీసి ముద్ర అందుకుని టప్‌మని కొట్టింది.

"తెలివుండాలన్న నియమం నేను పెట్టలేదు. పో, కాఫీ తాగు. ఇంతకంటే అధ్వానంగా భూమ్మీద ఇంకెవడూ రాయలేడు. లిక్ క్రీక్ నీదే. నేను చెబుతున్నాగా!"

ఆమె మనస్ఫూర్తిగానే చెప్పింది. తాను ముద్దుగా పెట్టుకున్న నియమం ఎదురు గోడ మీదే ఉన్నా, ఆ క్షణంలో ఇద్దరిలో ఒక్కరికీ అది గుర్తుకు రాలేదు. అక్కడే ఇద్దరూ కలిసి పప్పులో కాలేశారు.

ఆ సాయంత్రమే పన్నెండో ర్యాంకు జట్టొకటి గెలిచింది. వెనకాలే పదమూడు, ఆ వెనక పద్నాలుగు. ఎక్కడో కొండల మధ్య ఉన్న, పేరు కూడా నోరు తిరగని కాలేజీల కుర్రాళ్లు పెద్దపెద్ద జట్లను చితగ్గొట్టి పంపారు. శుక్రవారం పొద్దున ఆర్డిత్ బోర్డు మీద మార్కులు వేస్తుంటే ఆమె చెయ్యే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

"రాయిస్! పైన నువ్వే!" అని కేకపెట్టింది గ్వెన్ థార్ప్. గ్వెన్ ఊళ్లోని తారురోడ్ల రూటు తోలుతుంది. బస్సులో పూల వాసన వచ్చేలా చూసుకునే మనిషి, ఆమెకు బురదంటే ప్రాణభయం. "ఎలా కనిపెట్టావయ్యా బాబూ? మాకూ చెప్పొచ్చుగా!"

"అదంతే. లోపల్నుంచి వచ్చింది," అన్నాడు రాయిస్. అందరూ వీపు తడుతుంటే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

మూసిన తలుపు వెనక ఆర్డిత్ మీద విరుచుకుపడ్డాడు. "లిక్ క్రీక్ నీదే అన్నావుగా! ఎవడు పెట్టమన్నాడు నిన్ను, ఆ దిక్కుమాలిన నియమం?"

"అరవకు. ఇక నీ జట్లన్నీ ఇంటికి పోతాయి. మిగతావాళ్లకి కప్పు మార్కులొస్తాయి, నువ్వు జారిపోతావు. ఎర్రచొక్కాలు ఉన్నాయిగా. నేను చెబుతున్నాగా!"

ఆదివారం ఎర్రచొక్కాలు ఓడిపోయాయి. ఆ జిల్లాలో ఆ సాయంత్రం ఎవరింట్లోనూ టీవీ చప్పుడు లేదు, పెరట్లో మాంసం కాల్చినవాళ్లు కూడా దాన్ని చల్లారనిచ్చారు. షెడ్డులో అందరి కప్పు మార్కులూ ఒక్క దెబ్బకు గంగలో కలిశాయి, ఇక రాయిస్‌ను అందుకునేవాళ్లు లేరు. తన జట్టు పోయినందుకు ఒకసారి, తాను ఓడలేకపోయినందుకు మరోసారి ఏడ్చిన మనిషి ఇండియానా మొత్తంలో అతనొక్కడే.

అయినా ఆశ చావక, టోర్నమెంటు నడిచినన్నాళ్లూ పొద్దున్నే వచ్చి "ఎంత కిందికి జారాను?" అని అడిగేవాడు. ఆర్డిత్ కూడికలు తిరగేసి తల అడ్డంగా ఊపేది. ఆటలన్నీ అయ్యాక, ఏటా చేసినట్టే పంచదార, మీగడ పోసి కాల్చే 'పై' అనే తీపి వంటకం వండి తెచ్చి, బోర్డు ముందు నిలబడి ఫలితం చదివింది. మొదట రాయిస్ పెండర్, చివర గ్వెన్ థార్ప్. గ్వెన్ బావురుమంది. రాయిస్ కొత్త బస్సు తాళం చేతిలో పట్టుకుని, ఎవరో పోయిన ఇంటికి పలకరింపుకు వచ్చినవాడిలా నిలబడ్డాడు.

అందరూ వెళ్లాక ఆర్డిత్ అతని దగ్గరికి వచ్చింది. "నీదీ గ్వెన్‌దీ రూట్లు మార్చేస్తాను. ఈ ఒక్కసారికి."

"వద్దు. నువ్వు ఎప్పుడూ మార్చలేదు. ఇప్పుడు మారిస్తే ఎందుకని ఊరంతా అడుగుతుంది, కారిన్‌తో సహా." అతను ఆ 'పై' ముక్క ముట్టకుండానే వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు కాలరెగరేసుకుని నడిపిన పందెం మీద ఆ రోజు ఆర్డిత్‌కు అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం బస్సులో అతను పిల్లలకు సంగతి చెప్పాడు. వచ్చే ఏడాది మీకు గ్వెన్ ఆంటీ వస్తుంది, బస్సు మంచి వాసనొస్తుంది అన్నాడు. రెండు రోజుల తరువాత షెడ్డులో ఫోను మోగింది.

"ఆర్డిత్ గారూ, నేను కారిన్ని. వచ్చే ఏడాది మా రూటుకి వేరే డ్రైవరట కదా?"

"అవునమ్మా, గ్వెన్. పందెంలో ఓడింది."

"ఆయన గెలిచాడని పైపర్ చెప్పింది. కొత్త బస్సు కూడా వస్తుందిగా. సంతోషంగా ఉన్నాడా?"

ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పే అలవాటు ఆర్డిత్‌కు లేదు. అబద్ధం చెప్పే అలవాటు అసలే లేదు.

"లేడమ్మా. గెలిచి ఇంత దిగాలుపడ్డ మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు."

అవతల ఎక్కడో కుక్క మొరుగుతోంది.

"పిల్ల రెండు రోజులుగా తిండి సరిగ్గా తినట్లేదండీ," అంది కారిన్. "తనని రోజూ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చోబెడతాడట. వాగు దగ్గర కొంగ కనబడితే బస్సు నెమ్మది చేసి చూపిస్తాడట. చిన్నప్పుడు నాకూ అలాగే చూపించేవాడు." కుక్కను ఊరుకోమని అదిలించింది. "పిల్ల తల్లి ఫలానా డ్రైవరు కావాలని అడగొచ్చా? మీ పందెం సంగతి నాకు తెలుసు, కానీ..."

ఆర్డిత్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. గొంతులోకి పాత ధీమా అంతా తిరిగొచ్చింది.

"పందెం డ్రైవర్ల మధ్య గొడవలు తీర్చడానికి పెట్టింది. పిల్లల కోసం తల్లి అడిగితే అది వేరే లెక్క, అది నా ఉద్యోగం. నిక్షేపంగా అడుగు. కానీ ఎవరు కావాలో నీ నోటితోనే చెప్పాలి. నేను ఊహించి రాసుకోను."

ఆర్డిత్ పెన్ను మూత తీసి పట్టుకుంది.

"మా నాన్న," అంది కారిన్.

ఆర్డిత్ ఫోను పెట్టేసి ఆవరణలోకి నడిచింది. రాయిస్ లిక్ క్రీక్ బస్సులో మెట్ల మీది బురద ఊడుస్తున్నాడు.

"లిక్ క్రీక్ మళ్లీ నీకే వేశాను. కొత్త బస్సు కూడా నీదే. బురదలో దాని మీద ఒక్క గీత పడిందో, చంపేస్తాను."

"ఏం చేశావ్? వద్దన్నానా లేదా! కారిన్‌కి తెలిస్తే పిల్లని..."

"నోరు ముయ్యవయ్యా! కారినే ఫోన్ చేసింది. నువ్వే కావాలని అడిగింది."

రాయిస్ చీపురు పక్కన పెట్టాడు.

"ఆ డ్రైవరే కావాలందా? ఏమంది, సరిగ్గా చెప్పు."

"డ్రైవరు అనలేదు. పేరు చెప్పమంటే, 'మా నాన్న' అంది."

అతను వెళ్లి తన సీటు వెనకాల, పైపర్ రోజూ కూర్చునే చోట కూలబడ్డాడు. ఆ చిన్న సీటులో అతని మోకాళ్లు పట్టలేదు. రెండు చేతులతో మొహం తుడుచుకుని, "ఇంకోసారి చెప్పు ఆర్డిత్," అన్నాడు.

ఆర్డిత్ మెట్టెక్కి లోపలికి వచ్చి, మళ్లీ చెప్పింది.