పిన్ని కుట్టిన రాజు

మా పిన్ని రాజుల్ని కుట్టేది. ఏం పని చేస్తావని ఎవరడిగినా తను చెప్పే జవాబదే. నాటక సమాజంలో మొదట వేషాలు వేసి, గొంతు చిన్నదని తేలాక బట్టల గదికి మారింది. అందుకు చిన్నబుచ్చుకోలేదు. "నా మాట మూడో వరుస దాటేది కాదురా. నా కుట్టు చివరి వరుస దాకా పోతుంది," అనేది.

ఆ గది వేదిక వెనక మెట్ల కింద ఉండేది. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, దండేల నిండా అంగరఖాలు పోగా మిగిలిన జాగాలో ఒక స్టూలు. సాయంత్రాలు దానిమీద కూర్చుని చదువుకునేవాణ్ణి. అప్పట్లో నన్ను సంకేతశాస్త్రం పట్టుకుంది. కంటికో చెవికో తగిలేది సూచకం, దానివల్ల మనసులో మెదిలేది సూచితం, రెండూ కలిస్తేనే సంకేతం అని పిన్నికి చదివి వినిపించాను.

"నల్లకోటు సూచకం, వకీలు సూచితం. ఈమాత్రానికి అంత లావు పుస్తకమా?" అంది, దారం పంటితో తెంపుతూ.

వదలకుండా మిగతాదీ చెప్పాను. ఫొటో పోలికతో చెబుతుంది, అది ప్రతిమ. పొగ నిప్పులోంచి పుట్టి నిప్పునే పట్టిస్తుంది, అది సూచిక. కిరీటానికి రాజరికంతో పోలికా లేదు, పుట్టుక సంబంధమూ లేదు. నలుగురూ ఒప్పుకున్నారు గనక చెల్లుతుంది, అది ప్రతీక.

"మరి నీ చొక్కా మీది కూర మరక?"

"సూచిక."

"దేనికి? ఇంకా పెళ్లి కాలేదనడానికా?"

ఆ ఏడు సమాజానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. రాజసభ నాటకం ఎత్తుకున్నాడు. పిన్ని తన పనితనమంతా కుమ్మరించింది. మంత్రులకు, సేనాపతికి, చివరికి వింజామర వీచేవాళ్లకి కూడా జరీ అంచులు, తురాయి పెట్టిన తలపాగాలు. రిహార్సలు చూడ్డానికి వచ్చిన డైరెక్టరు స్నేహితుడు మంత్రిని చూసి, "రాజుగారి నడక భలే ఉందే," అన్నాడు.

డైరెక్టరు మర్యాదగానే చెప్పాడు. "పిన్నిగారూ, రాజెవరో తెలియడం లేదండీ. ప్రదర్శనలోనూ ఇంతే అయితే ఇకనుంచి బట్టలు అద్దెకు తెచ్చుకుంటాం. ఈ గది సామాన్లకి పనికొస్తుంది."

పిన్ని రాత్రికి రాత్రే కిరీటం పెంచింది. రాజు వేషం కట్టే ఆయన బక్కమనిషి. "నెత్తిన బిందె పెట్టినట్టుంది పిన్నీ. నేను సంభాషణ చెప్పాలా, దీన్ని మొయ్యాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. ఆ గది పోతే తను ఏమీ కాదని ఆమెకి తెలుసు.

ప్రదర్శన నాటి మధ్యాహ్నం కుట్టడం ఆపేసి, "ఏదో ఒకటి చదవరా, చెవులకైనా పని ఉంటుంది," అంది. చదివాను. ఏ సంకేతానికీ దానంతట దానికి విలువ లేదు, పక్కవాటితో ఉన్న తేడాయే దాని విలువ అని ఉందక్కడ.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. పిన్ని లేచి కిరీటం అందుకుంది. రాళ్లు పీకేస్తుందనుకున్నాను. పెట్టెలో పడేసి మూత వేసింది. రాజు జరీ అంగరఖా తీసి తెల్లటిది దండెం మీదికి వేసింది.

"అందరి నెత్తినా మెరుపులే అయితే ఇంకో మెరుపు ఎవడి కంట్లో పడుతుంది? నా చేతి దురదే నా కొంప ముంచింది," అంది.

డైరెక్టరు చూసి గాభరాపడ్డాడు. "కిరీటం లేని రాజేంటి పిన్నిగారూ!"

"పెడితే కనబళ్లేదుగా, తీస్తే కనబడతాడు. మీరు తెర లేపించండి," అంది.

ఆమె గొంతు తొణకలేదు.

నేను చివరి వరుసలో కూర్చున్నాను. డైరెక్టరు నా వెనకే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెర లేచింది. వేదిక నిండా తలపాగాలు, తళతళలు. నడుమ తెల్ల అంగరఖాలో, ఒట్టి తలతో ఒకడు. ఇంకా ఎవరూ నోరు విప్పలేదు.

నా పక్కన ఒక ముసలామె కోడలి మోచెయ్యి పొడిచింది. "రాజెవరే?"

"ఆ ఒట్టి తలాయన అత్తయ్యా. అందర్లోకీ తల కప్పుకోనక్కర్లేనిది ఆయనొక్కడేగా!"

వెనక డైరెక్టరు గట్టిగా ఊపిరి వదలడం వినబడింది.

నాటకం అయ్యాక డైరెక్టరు మెట్ల కిందికి వచ్చాడు. పిన్ని తలపాగాలు మడత పెడుతోంది, తలెత్తలేదు.

"వచ్చే నాటకంలో ఇద్దరు దేవతలున్నారు పిన్నిగారూ," అన్నాడు. "వాళ్లకేం కుడదాం?"

"వాళ్ల సంగతి తర్వాత," అంది పిన్ని. "మనుషులెంతమందో ముందు చెప్పండి."