నివేదికలో నేను రాయని వాక్యం

మంగళవారం ఉదయం ఆరుంబావుకు పాస్టరుగారు ఫోన్ చేసి, "వంటక్క ప్రభువునందు నిద్రించింది మేడమ్" అన్నారు. బెంగళూరు దగ్గర జిగణిలో, కూతురింట్లో, నిద్రలోనే పోయిందట. వంటింట్లోకి వెళ్ళాను, బాల్కనీలోకి వెళ్ళాను, మళ్ళీ వంటింట్లోకే వచ్చాను. అప్పటినుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అది ఎందుకో మన సంఘంలో అందరికీ తెలియాలి. అందుకే మన పత్రికకు ఇది రాస్తున్నాను.

ఆమె ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండేది. మూడేళ్ళ కిందట మలేషియాలో తెలుగు యువత శిబిరానికి మనం సేవకు వెళ్ళినప్పుడు వంట ఆమెది, ఆడపిల్లల హాజరు నాది. విమానంలో దారి పొడుగునా చింతపండు పొట్లం ఒళ్ళోనే పెట్టుకుంది. నేను పిల్లల బాగోగులు హాజరు పట్టీలో చూసేదాన్ని, ఆమె ఎంగిలి పళ్ళేల్లో చూసేది. "ఎవురు ఏడ్సినారో పళ్ళెమే చెప్తాది మేడమ్" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

మూడోరోజు సాయంత్రం ఏడింటికి ఇరవై ఆరుగురు ఉండాలి, ఇరవై ఐదుగురే ఉన్నారు. లేనిది నా మనవరాలు. అప్పటికి దానికి పదహారేళ్ళు. ఆ సాయంత్రం అందరి ముందూ లేచి తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళలో దాని పేరుంది. వంటింటి కిటికీ దగ్గరికెళ్ళి అడిగాను.

"ఈడ లేదు మేడమ్" అంది వంటక్క, ఉల్లిపాయలు, ఆమె మాటల్లో ఎర్రగడ్డలు, తరుగుతూనే.

నలభై నిమిషాలు శిబిరం పక్కనున్న చెరువు గట్టంతా వెతికాం. చివరికి అది ఆ వంటింట్లోనే, బియ్యం బస్తాల వెనక దొరికింది.

"దేవుని పనికొచ్చి అబద్ధమాడతావా?" అని అందరి ముందూ నిలదీశాను.

"మీకు చెప్పిన అబద్ధానికి మీ కాళ్ళు పట్టుకుంటా మేడమ్. పాపకు లోపల నమ్మకం కుదరలేదంట. లేనిది ఉండాదని లేచి చెప్తే, అది దేవునితో ఆడే అబద్ధం కాదా?"

మమ్మల్ని చెరువు దాకా పోనివ్వడం ఆమె తప్పే. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

తిరిగొచ్చాక పెద్దలకు నివేదిక రాశాను. ఆమె దాచింది, అబద్ధమాడింది అని రాశాను. అందులో ఒక్క నిమిషం కూడా తేడా లేదు. ఆ తర్వాత ఏ శిబిరానికీ ఆమెను పంపలేదు. ఏటా శిబిరానికి వెళ్ళేవాళ్ళ జాబితా చదివినప్పుడు వెనక బెంచీ నుంచి, "ఈసారీ ఆ మలేషియా ఎర్రగడ్డలకు నన్ను ఏడిపించే అదృష్టం లేదప్పా!" అని అందరినీ నవ్వించేది. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "పాప బాగుండాదా?" అనేది. బాగుందనేదాన్ని.

నేను రాయనిది ఇది: సాక్ష్యం జాబితాలో మనవరాలి పేరు దాన్ని అడక్కుండా రాసింది నేనే. "తీసెయ్ అమ్మమ్మా" అని బతిమాలినా తీయలేదు. ఈ మాట ఆ నివేదికలో చేర్చమని పెద్దలను కోరుతున్నాను. ఈసారి దాన్ని అడిగే రాస్తున్నాను.

"రాయి అమ్మమ్మా. కానీ ఆమె చదవదుగా" అంది.

బుధవారం సమాధుల తోటకు అదీ వచ్చింది. చర్చికి రావడం మానేసి రెండేళ్ళయింది. ముందురోజు బాగా వాన కురిసింది. ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు. అది మూసుకోలేదు. ఆరోజు నేనూ మూసుకోలేదు. గుంట అంచున తడిమట్టి లోపలికి జారుతుంటే, చెప్పు విడిచి, పాదం అడ్డుపెట్టి, ఆమేన్ అనేదాకా అలాగే నిలబడింది.