శుక్రవారం వంతు తెచ్చిన చేయి

ఈ విషయాన్ని కాగితం మీద పెట్టవలసిన అవసరం నాకు గత సంవత్సరం కలిగింది. కోరుట్ల దగ్గర ఒక క్రైస్తవ మందిరంలో ఒక యువ బోధకుడు నా పేరు చెప్పి, పూర్వం పోలీసు ఠాణాలో నాకు దేవదూత అన్నం తెచ్చి పెట్టాడని సాక్ష్యం చెప్పాడు. దూత తెల్లని వస్త్రాలు ధరించి ఉన్నాడట. నేను మూడో వరుసలో కూర్చుని విన్నాను. తెల్లని వస్త్రాలు ఎవరూ ధరించలేదు. వచ్చిన మనిషికి, లేదా వచ్చినట్టు నేను చూసిన మనిషికి, ఒక పేరు ఉంది. ఆ పేరు తీసివేస్తే సాక్ష్యం అందంగా ఉంటుంది కాని నిజం కాదు. నాకు ఎనభై దాటాయి. ఉన్నది ఉన్నట్టు, జరిగిన వరుసలో రాసిపెట్టడం నా బాధ్యత.

నేను దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు, సామాన్యశాస్త్రం చెప్పాను. మా వాడలో ఎవరికైనా పూనకం వచ్చిందంటే ముందు జ్వరం చూడమనేవాణ్ణి. దేవుణ్ణి నమ్ముతాను. అయితే ఆయన తన పనులను మనుషుల చేత, మనకు తెలిసిన దారుల్లోనే చేయిస్తాడని నా అభిప్రాయం. ఈ ఒక్క సంఘటన ఆ అభిప్రాయానికి లొంగలేదు.

అవి నక్సలైట్ల సంవత్సరాలు. ఎనభయ్యో దశకం చివరి భాగం. మా ఊరు కోరుట్లకు జగిత్యాల వైపున ఉంది. అడవిలో దళాలు, రోడ్డు మీద పోలీసు జీపులు, మధ్యలో మేము. దళానికి బువ్వ పెట్టారని ఒకరిని, పెట్టలేదని మరొకరిని శిక్షించిన కాలం అది.

మా మందిరంలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన జరిగేది. ఒంటిగంటకు ప్రార్థన ముగిశాక, ఆడవాళ్లు ఇళ్ల నుంచి తెచ్చినది అందరూ కలిసి తిని ఉపవాసం విడిచేవారు. జబ్బుపడి రాలేకపోయిన వారి కోసం నాలుగు స్టీలు టిఫిన్లు నింపి, నలుగురు మనుషులు ఇళ్లకు మోసుకుపోయి ఇవ్వాలి. దీన్ని మేము 'వంతు' అనేవాళ్లం. తిండి చిన్నదే. తమను ఎవరూ మరిచిపోలేదని పడకలో ఉన్నవారికి తెలియడం పెద్దది.

ఈ పనిని క్రమంలో పెట్టినవాణ్ణి నేనే. కోరుట్లలో గిన్నెల దుకాణంలో ఆ నాలుగు టిఫిన్ల మీద ఒకటి నుంచి నాలుగు వరకు అంకెలు చెక్కించాను. ఒక పుస్తకంలో గీతలు గీసి పట్టిక రాశాను: మోసేవారి పేరు, టిఫిను అంకె, ఇచ్చిన చోటు, కారణం. తీసుకునేవారి పేర్లు పదిమంది నోట పడటం మర్యాద కాదని ఇళ్లకు నంబర్లు ఇచ్చాను. 'టిఫిను 3, ఇల్లు 17, గుట్ట వెనుక' అన్నట్టుగా ఉండేది నా రాత. అటువంటి కాలంలో అటువంటి పుస్తకం రాయకూడదని నాకు తోచలేదు. అది నా తప్పు. ఇంత చదివినవాడు చేయవలసిన తప్పు కాదు.

ప్రకాశం నాకు రక్తసంబంధి కాడు. మా ఇద్దరికీ ఒకే రోజు, ఒకే వాగులో బాప్తిస్మం ఇచ్చారు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు. చెరుకు గానుగలో పడి ఎడమచేతి చివరి రెండు వేళ్లు పోయాయి. బడి మొఖం చూడలేదు. ముప్పై ఏళ్లు వచ్చాక మా ఇంటి అరుగు మీద నేనే అక్షరాలు దిద్దించాను. సంతకం రావడానికి ఇరవై రోజులు పట్టింది. 'ప్ర'లో వత్తును ఎప్పుడూ మోతాదుకు మించి పెద్దగా వేసేవాడు.

నన్ను ఠాణాకు తీసుకుపోయిన వారం, మంగళవారం నాడు పోలీసులు ప్రకాశాన్ని పట్టుకుపోయి మర్నాడు వదిలారు. బుధవారం నేను బడిలో ఉండగా అతడు మా ఇంటికి వచ్చాడు. నా భార్య మార్తమ్మ మంచినీళ్లు ఇచ్చింది. సారు పుస్తకం తెమ్మన్నాడని అడిగితే, నిజమేననుకుని పట్టిక పుస్తకం తీసి ఇచ్చింది. నేను తెమ్మనలేదు. గురువారం పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే జీపు బడి ముందుకు వచ్చింది.

ఆ ఠాణా పేరు రాయను. జేబులో ఉన్నవన్నీ తీసుకుని కాగితం మీద రాసుకున్నారు: గడియారం, కలం, మందిరం తాళంచెవి. ఆ తాళానికి అదొక్కటే చెవి.

ఎస్సై నా పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. "ఎవలకు మోపిస్తున్నవ్ సారూ గీ బువ్వ? గుట్టెనుక పదిహేడో నంబరోడు ఎవడు?" అని అడిగాడు. పదిహేడో ఇల్లు కాలు విరిగిన ఎనుబోతుల రాజవ్వదని చెప్పాను. నమ్మలేదు. అప్పుడు ప్రకాశం ఇచ్చిన వాంగ్మూలం చూపించాడు. సారు చెప్పిన చోటికి అన్నం మోశామని, అది ఎవరికి చేరేదో సారుకే తెలుసునని అందులో ఉంది. కింద సంతకం ఉంది. పెద్ద వత్తు ఉంది. పోయిన శుక్రవారం రాజవ్వకు టిఫిను మోసి, ఆమెను లేపి కూర్చోబెట్టి తినిపించి వచ్చినవాడు ఆ ప్రకాశమే.

నన్ను కొట్టలేదు. శుక్రవారం పొద్దుగూకే ముందు జీపులో తీసుకుపోతామని, గుట్ట వెనుక చోటు చూపించాలని చెప్పారు. చోటు చూపించడానికి పోయినవారు ఆ సంవత్సరాల్లో ఎట్లా తిరిగి వచ్చేవారో మా ప్రాంతంలో అందరికీ తెలుసు. మర్నాడు పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త కింద పేరు వచ్చేది.

ఆ రాత్రి ప్రార్థన చేయలేకపోయాను. ఎంత ప్రయత్నించినా ఆ సంతకమే కళ్ల ముందుకు వచ్చింది. చావు భయం ఒక పక్క ఉంది. దానికంటే నా అరుగు మీద కూర్చున్నవాడు నన్ను అమ్మాడన్న ఆలోచన ఎక్కువగా కోసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఠాణా గడియారం కొట్టిన చప్పుడు విన్నాను కనుక వేళ నిశ్చయంగా చెప్పగలను. ఒక ముసలి కానిస్టేబులు తలుపు తీసి టిఫిను లోపల పెట్టాడు. "మీ తమ్ముడంట సారూ. లోపటికి రమ్మంటె రాలే, ఎండల్నే నిలవడ్డడు," అన్నాడు. మూత మీద మూడో అంకె ఉంది. ఆ చెక్కుడు నేను దగ్గరుండి చేయించినది.

గది కిటికీకి పై రెక్కలు మేకులు కొట్టి మూసేశారు. కింది సగం మాత్రం తెరిచి ఉండేది. ఆ సందులో చువ్వ మీద ఒక ఎడమచేయి ఆనింది. చివరి రెండు వేళ్లు లేవు. మొఖం కనిపించలేదు.

"అన్నా, శుక్రారం వంతు."

గొంతు అతనిదే. నేను లేచి కిటికీ దగ్గరికి పోయి, "నా పేరెందుకు చెప్పినవ్‌రా?" అని అడిగాను.

"తిను అన్నా. సల్లారుతది," అన్నాడు. చేయి చువ్వ మీది నుంచి తొలగింది.

టిఫిన్లో మక్కజొన్న రవ్వతో వండిన గట్క, దాని మీద మామిడికాయ తొక్కు. గట్క వేడిగా పొగలు కక్కుతోంది. మొదటి ముద్ద కోపంతోనే తిన్నాను. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. సగం తిన్న తరువాత నాకు ఒక విషయం తట్టింది. ఆ పట్టికలో ఇన్నేళ్లుగా నేను రాసేవాణ్ణి. తీసుకునేవారిలో నేను ఎన్నడూ లేను. ఇవాళ నాకు వంతు వచ్చింది. నన్ను కూడా ఎవరో గుర్తుంచుకున్నారు. ఆ ఎవరో ప్రకాశం కాదని, అతని వెనుక ఉన్నవాడని నాకు స్పష్టంగా తెలిసింది. ఒళ్లు తేలికపడింది. పొద్దుగూకితే ఏమవుతుందన్న భయం పోయింది. గోడకు ఆనుకుని పట్టపగలు నిద్రపోయాను. దేవుని ఆదరణ అన్న మాటకు అర్థం నాకు పుస్తకాల్లో కంటే ఆ గంటలో ఎక్కువ తెలిసింది. ఇది నేను వెనక్కి తీసుకోను.

మూడు గంటలకు జగిత్యాల నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. నా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి గడి దాకా చదివాడు. 'కారణం' గడిలో జ్వరం, కాలు విరుగుట, పురుడు అని రాసి ఉన్నాయి. ఎస్సై వైపు తిరిగి, "దళంల ఎవలకు పురుడొచ్చిందయ్యా?" అని అడిగాడు. నాలుగు గంటలకు నన్ను వదిలేశారు. గడియారం, కలం, తాళంచెవి తిరిగి ఇచ్చారు. టిఫిను నేనే చేతపట్టుకుని వచ్చాను.

ఇంటికి పోకముందే మందిరానికి పోయాను. తాళం వేసినది వేసినట్టే ఉంది. కిటికీలు లోపలి నుంచి గడియ పెట్టి ఉన్నాయి. తెరిచి చూస్తే అరలో ఒకటి, రెండు, నాలుగు టిఫిన్లు ఉన్నాయి. అంతకుముందు శుక్రవారం నాలుగూ కడిగించి, లెక్కచూసి, నా చేత్తో అరలో పెట్టించి తాళం వేశాను.

తరువాత ఇంటింటికీ పోయి విచారించాను. ఆ శుక్రవారం భయంతో ప్రార్థనే జరగలేదు. ఎవరూ వండలేదు, ఎవరూ ఠాణా వైపు రాలేదు. మార్తమ్మ నా కోసం ఎవరినైనా బతిమాలుదామని పొద్దున్నే జగిత్యాల పోయింది. పట్టిక ప్రకారం ఆ వారం మూడో టిఫిను ప్రకాశానిదే. కాని ప్రకాశం బుధవారం సాయంత్రమే భార్యాపిల్లలతో ఊరు విడిచిపోయాడు.

రెండు వారాల తరువాత వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాను. అతడు బావమరిది ఇంట్లో ఉండి, బట్టలు నేసే సాంచెల షెడ్డులో పనికి కుదిరాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గాని దగ్గరికి రాలేదు. శుక్రవారం ఠాణాకు వచ్చావా అని అడిగాను.

"ఎట్లత్త అన్నా? పట్టిచ్చినోన్నే నేను. ఏ మొఖం వెట్టుకోని అత్త?"

ఎందుకు పట్టించావని అడిగాను.

"బొక్కలిరుగుతయని భయమైంది. నీకు సదువున్నది, సర్కారు నౌకరున్నది. నిన్నేం జెయ్యరనుకున్న. నాకేమున్నది?" అని, మళ్లీ తనే, "గా శుక్రారం నా వంతని యాదికున్నదే. సాంచెల కాడ నిలవడి గదే యాది జేసుకున్న. బుక్క నోట్లె వెట్టబుద్ధి గాలే," అన్నాడు.

షెడ్డుకు పోయి యజమానిని విడిగా అడిగాను. ఆ రోజు పొద్దటి నుంచి దీపాలు పెట్టేదాకా ప్రకాశం షెడ్డు దాటలేదని చెప్పాడు.

వచ్చానని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే నేను అక్కడే క్షమించేవాణ్ణి. పోలీసుల ముందు అబద్ధానికి సంతకం పెట్టినవాడు నా ముందు నిజం చెప్పాడు. నాకు అదీ కోపమే తెప్పించింది. తిరిగి అతని దగ్గరికి వచ్చి, పట్టికలోంచి నీ పేరు కొట్టేస్తున్నానన్నాను.

"కొట్టెయ్యి అన్నా. పుస్తకం నీది," అన్నాడు.

అతని భార్య చాయ తెచ్చింది. నేను తాగకుండా లేచి వచ్చాను. ఎర్ర సిరాతో పేరు కొట్టేశాను. కొన్నేళ్లకు అతడు సిరిసిల్లలోనే చనిపోయాడు. కబురు బడికి వచ్చింది. నేను పోలేదు. ఆ రోజు ఏడో తరగతికి భిన్నాలు చెప్పాను.

ఆ భోజనం కోసం దేవునికి కృతజ్ఞత చెప్పని రోజు లేదు. చెప్పిన ప్రతిసారీ ఆ మూడు వేళ్లు కనిపిస్తాయి. మా పట్టికలో మరో పంతొమ్మిది మంది ఉన్నారు. వారిలో ఎవరూ నన్ను అమ్మలేదు. నన్ను ఆదరించదలచినవాడు వారిలో ఒకరి చేతిని ఎందుకు వాడలేదు? క్షమించడం నేర్పడానికేనని మా పాస్టరు గారు అంటారు. నిజంగా ప్రకాశమే వచ్చి ఉంటే ఆ పాఠం నాకు అర్థమయ్యేది. రాని మనిషిని క్షమించమంటే ఎట్లా?

నాకు తెలిసింది ఇంతే. మూడో టిఫిను ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దానితో ఏమీ రుజువు కాదు. అరలో పెట్టించిన రోజు నేను నాలుగు అనుకుని మూడే లెక్కపెట్టి ఉండవచ్చు. ఆ ముసలి కానిస్టేబులు ఇప్పుడు లేడు. ఆనాటి మనుషులు ఎవరైనా ఇది చదివితే, వేళలో గాని, ఊళ్ల వరుసలో గాని, అంకెల్లో గాని నేను పొరబడిన చోట దయచేసి దిద్దండి. ఆ మధ్యాహ్నం ఆ కిటికీ దగ్గరికి వచ్చినవారు మరెవరైనా ఉంటే, లేదా వచ్చినవారిని ఎరిగినవారు ఉంటే, ముందుగా ఆ తప్పు దిద్దండి. నా పేరుతో మా ఊరి మందిరానికి ఉత్తరం రాస్తే అందుతుంది.