గీసిన ఇంగ్లీషు

నా మొదటి ఉద్యోగం గద్వాలలో. రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్లయి ఉంటుంది. నేతపనివాళ్ల వాడలో ప్రభుత్వ బడి, ఏడో తరగతి దాకా. వనపర్తి నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. కొత్తగా వచ్చానని ఎవరికీ అక్కర్లేని ఆరో తరగతి ఇంగ్లీషు నా నెత్తిన పెట్టారు. ఆ కోపం పిల్లల మీద చూపించేదాన్ని. నా గొంతు పక్క వీధిదాకా వినపడేదని తర్వాత తోటి టీచర్లు చెప్పారు.

పెద్ద అక్షరం ఎక్కడ పెట్టాలో, చిన్న అక్షరం ఎక్కడ పెట్టాలో చెప్పడం నాకు తేలికనిపించింది. మనుషుల పేర్లకూ ఊళ్ల పేర్లకూ మొదటి అక్షరం పెద్దది, అంతే కదా అనుకున్నాను. మరునాడు పుస్తకాలు తీసి చూస్తే సగంమంది నాయన పేరు పెద్ద అక్షరంతోనూ తమ పేరు చిన్న అక్షరంతోనూ రాసుకొచ్చారు. హెడ్మాస్టరు అన్న మాటనైతే మొత్తం పెద్ద అక్షరాల్లోనే నింపారు. ఏమిటిదని అరిచాను. ముందు వరుసలో పిల్ల లేచి, "నాయిన పెద్దోడు గద టీచర్. నేను గూడ పెద్దదే వెట్టుకుంటె ఏం బాగుంటది?" అంది. నవ్వు ఆపుకున్నాను. ఇంగ్లీషులో 'నేను' అన్న మాట ఎప్పుడూ పెద్ద అక్షరమేనని చెప్పేసరికి, ఆ భాష మాట్లాడేవాళ్ల మీద పిల్లలకున్న కాస్త గౌరవమూ పోయింది.

ఆ తర్వాత ఒకేలా వినపడే మాటలు. అక్కడ అనడానికో దేర్, వాళ్లది అనడానికో దేర్. నిశ్శబ్దానికి క్వయెట్, బాగా అనడానికి క్వైట్. వీటితో వాళ్లూ నేనూ కలిసి తల బద్దలు కొట్టుకున్నాం. రోజూ బోర్డు మీద రాయడం, అందరిచేతా గట్టిగా అనిపించడం, నోట్సులో ఎక్కించమనడం, సాయంత్రం కూర్చుని ఎర్ర సిరాతో దిద్దడం. తరగతి మొత్తంలో ఆ తప్పులు ఒక్కటీ చేయనిది ఒకే పిల్ల.

కిటికీ పక్కన కూర్చునేది. తండ్రి మగ్గం నేస్తాడు. ఈ పిల్ల ఇంట్లో నూలు కండెలు చుడుతుందనీ, గళ్ల కాగితం మీద అంచు డిజైన్లు చూసి ఎక్కిస్తుందనీ తోటిపిల్లలు చెప్పేవాళ్లు. ఆ చేతిరాత చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది. నా రాత కంటే బాగుండేది. పరీక్షలో ప్రశ్నలు కూడా నోట్సులోంచే ఇచ్చేదాన్ని కాబట్టి మార్కులకూ కొదవ లేదు. పేజీ తిప్పడం, ఎర్రగా రైటు కొట్టడం, అంతే. ఆ పుస్తకం దిద్దేటప్పుడే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

బడి తెరిచిన వారంలో ఆ పిల్ల తండ్రి వచ్చి నాతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగు తగిలించుకుంటూ పోవాలి, అందుకు మగ్గం మీద ఇద్దరుండాలి. "అంచుకు రెండో మనిషి లేక పరేషాన్ అయితున్న టీచరమ్మా. అయినా పిల్లకు ఇంగ్లీషు పట్టువడేదాంక బడికే పంపుత, మాటిస్తున్న. పట్టువడ్డదని ఎరుకైన నాడు మగ్గం మీద కూసోవెడ్త" అన్నాడు. ఇంగ్లీషు పట్టుబడాలంటే పదేళ్లు పడుతుందని నేనన్నాను. "పట్టనీయి" అన్నాడాయన. పదేళ్ల చదువు ఖాయం చేశానని నేను లోలోపల మురిసిపోయాను.

చలికాలం పోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను బోర్డు మీద రాసిన వరుసలో ఒక మాట కింది సగం ఎవరి చేయో తగిలి చెరిగిపోయింది. నేను గమనించలేదు. సాయంత్రం పుస్తకాలు చూస్తుంటే మిగతావాళ్లంతా తప్పో ఒప్పో ఏదో ఒక మాట పూర్తిగా రాశారు. ఈ పిల్ల పుస్తకంలో మాట పైసగం మాత్రమే ఉంది. కింది సగం దగ్గర సుద్దమరక ఎంత మేర ఉందో అంత మేర పెన్సిలుతో లేతగా రుద్ది పెట్టింది.

మరునాడు ఆ పిల్లను బల్ల దగ్గరికి పిలిచి ఒక వరుస మీద వేలు పెట్టి చదవమన్నాను. అంతకు ముందురోజు అందరూ గట్టిగా అన్న వాక్యం తడుముకోకుండా చెప్పింది. వేలు రెండు వరుసలు కిందికి జరిపాను. మళ్లీ అదే వాక్యం చెప్పి, బాగా చెప్పానా అన్నట్టు నా మొహంలోకి చూసింది. ఒక్క అక్షరం చూపించి ఇదేమిటని అడిగాను. నవ్వి ఊరుకుంది. తనకు రాదని ఆ పిల్లకు తెలియదు. ఇంగ్లీషంటే చూసి అచ్చంగా దించడమే అనుకుంటోంది. అలా అనుకునేలా ఎనిమిది నెలలు రైట్లు కొట్టింది నేనే. "బాగుంది, పోయి కూర్చో" అన్నాను. ఆ సగం మాట ఉన్న పేజీ మీద కూడా రైటు కొట్టి పుస్తకం మూసేశాను.

అప్పటికి తనిఖీకి ఎనిమిది రోజులున్నాయి. జిల్లా నుంచి అధికారి వస్తున్నాడు. బడి తరఫున చూపించే పుస్తకాల్లో ఆ పిల్లదే మొదటిది. హెడ్మాస్టరు గదికి పోయి ఉన్నమాట చెప్పాను. "ఎనిమిది దినాలల్ల ఏం నేర్పుతవమ్మా? బుక్కు గీ పిల్లది సూపిద్దాం, సదివేది ఇంకో పిల్లతోని సదివిద్దాం. నీ నౌకరి ఇంకా పక్కా కాలేదు, జర యాది పెట్టుకో" అన్నాడు. బెదిరించడానికి అన్న మాట కాదది. నేనే బెదిరిపోయాను.

ఆ ఎనిమిది రోజుల్లో కనీసం అక్షరాలైనా దిద్దించవచ్చు. పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెడితే ఏదో ఒకటి వచ్చేది. మొదలుపెడితే ఆ పిల్లకు తెలిసిపోతుంది, ఏడుస్తుంది, తనిఖీ పాడవుతుంది. అయిపోయాక చూద్దాంలే అని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ పుస్తకం వచ్చేది, రోజూ రైటు కొట్టేదాన్ని. కొట్టేటప్పుడు పేజీ వంక చూసేదాన్ని కాదు.

అధికారి రానే వచ్చాడు. ఆయన పుస్తకాలు తిరగేస్తూ ఆ పుస్తకం దగ్గర ఆగిపోయాడు. ఎవరిదని అడిగాడు. పిల్ల లేచి నిలబడింది. సుద్దముక్క ఇచ్చి, ఒక పేజీ చూపించి, బోర్డు మీద రాయమన్నాడు. పుస్తకం ఎడమచేత్తో పట్టుకుని, పెద్ద అక్షరాలు ఎక్కడివక్కడ, చుక్కలు ఎక్కడివక్కడ, వంకర లేకుండా రాసింది. ఆయన తల ఊపాడు. "ఇప్పుడు చదువమ్మా" అన్నాడు.

పిల్ల నా వైపు చూసింది. ఏ వాక్యం చెప్పాలో నా మొహంలో వెతుక్కుంటోంది. నోరు తెరిస్తే పాత వాక్యమేదో చెబుతుంది, అంతా అప్పుడే బయటపడుతుంది.

"గొంతు పట్టేసింది సార్, రెండు రోజులుగా జ్వరం" అన్నాను.

మాట అంత సాఫీగా వచ్చినందుకు నాకే భయమేసింది. ఆయన అయ్యో అని, పుస్తకం తెప్పించుకుని, చాలా బాగుందని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. పిల్ల గొంతు మీద చేయి పెట్టుకుని, నిజంగానే పట్టేసిందేమోనన్నట్టు, నా వైపు చూసి నవ్వింది.

మరునాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూడోరోజు పక్క వరుస పిల్లను అడిగితే, "మగ్గం మీద కూసుంది టీచర్. ఇంగ్లీషు వచ్చేసింది గద" అంది.

మధ్యాహ్నం అన్నం గంట కాగానే ఆ ఇంటికి పోయాను. గుంట మగ్గం మీద తండ్రి, పక్కన అంచు దగ్గర పిల్ల. నన్ను చూసి ఆయన లేచి చాప పరిచి, పుస్తకం తెచ్చి సంతకం ఉన్న పేజీ తెరిచి పెట్టాడు. వాడలో అందరికీ చూపించాడట. "మీ రుణం దీర్సుకోలేను టీచరమ్మా. పదేండ్లన్నరు, ఎనిమిది నెలలల్లనే నేర్పిండ్రు" అన్నాడు.

"పిల్లకు చదవడం రాదు. చూసి గీస్తుంది, అంతే" అన్నాను.

వేళాకోళం అనుకున్నాడు. "మరి సారు సంతకం వెట్టిండు గద?"

"ఆయనకు అబద్ధం చెప్పాను."

అంచు దగ్గర పిల్ల చేతులు ఆగిపోయాయి. ఆయన పుస్తకం మొదటినుంచి తిప్పడం మొదలుపెట్టాడు. "గీ ఎర్రయి ఎవలు వెట్టిండ్రు?" నేనేనన్నాను. "రాదని మీకెప్పుడు ఎరుకైంది?" ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. తనిఖీ రోజునే అంటే సరిపోయేది. కానీ సగం మాట ఉన్న పేజీ తీసి చూపించాను. ఆయనకు అక్షరం రాదు, రైటు గుర్తు మాత్రం తెలుసు. దాన్ని చూశాడు. తర్వాతి పేజీ తిప్పాడు, దాని మీదా ఉంది. దాని తర్వాత పేజీ మీదా ఉంది. సంతకం దాకా తిప్పి పుస్తకం మూశాడు. పిల్ల వైపు తిరిగాడు.

"రేపటి సంది బడికి పో బిడ్డా. మగ్గం సంగతి నేను జూసుకుంట" అన్నాడు.

నేను పోయింది ఆ మాట కోసమే. ఊపిరి పీల్చుకున్నాను.

"నేను పోను నాయినా" అంది పిల్ల, తల ఎత్తకుండా. ఎందుకని అడిగాడు. "నాకు ఇంగ్లీషు వస్తదనుకున్న. అందరికి జెప్పిన" అంది.

"రా, నేను నేర్పుతాను. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతాను" అన్నాను.

పిల్ల అప్పుడు నా వైపు చూసింది. ఆ కళ్లలో కోపం లేదు. నిజంగా తెలియక అడిగింది.

"నిజంగనే అంటున్నరా టీచర్, ఆనాడు బాగుందన్నట్టు గట్లనే అంటున్నరా?"

నిజంగానే అన్నాను. రెండోసారి కూడా అన్నాను. ఆ పిల్ల కాసేపు నా మొహం చూసి, ఏమీ తేల్చుకోలేక, పట్టుపోగు అందుకుని తండ్రికి అందించడానికి పట్టుకుని కూర్చుంది.