సరోజక్క జంట ఫొటోలు

మొన్న నా బిడ్డ నన్ను త్రీడీ సినిమాకు తీసుకెళ్లింది. నల్లటి అద్దాలు ముక్కు మీద బరువుగా కూర్చోగానే, బొమ్మ పడకముందే నా కళ్లు చెమ్మగిల్లాయి. గోదావరిఖనిలో మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపిన సరోజక్క గుర్తొచ్చింది.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు మాట. నేను ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ బండి నడిపేవాణ్ని. ఒక సెలవునాడు ఇంట్లో కట్టెలు కొడుతుంటే పేడు ఎగిరి ఎడమ కంటికి తగిలింది. ఆపరేషన్ తర్వాత చూపైతే వచ్చింది కాని, ఏది ఎంత దూరంలో ఉందో తెలియకుండా పోయింది. గ్లాసులో నీళ్లు పోయబోతే పక్కన పడేవి. "రెండు కళ్లూ కలిసి పనిచేయాలి. సమయం పడుతుంది, ఒక్కోసారి కలవకపోవచ్చు కూడా" అన్నాడు డాక్టరు. దూరం తెలియనివాడికి గని అంచున డంపర్‌ను ఎవరిస్తారు?

ఇంటికి వచ్చినవాళ్లంతా "ఏం కాదు" అని ధైర్యం చెప్పి వెళ్లేవారు. ఆ మాట వినలేక స్టూడియోకు పోయి కూర్చునేవాణ్ని. సరోజక్క దగ్గర వాళ్ల తాత దాచుకున్న చెక్క పరికరం ఒకటుండేది. రెండు అద్దాల్లోంచి చూస్తే ఎదురుగా ఒక అట్ట, దాని మీద పక్కపక్కనే రెండు ఫొటోలు. నూరేళ్ల కిందటి నది, మెట్లు, పడవ.

"రెండూ ఒక్కటే కదక్కా?"

"కాదు తమ్మీ. కెమెరా జరంత పక్కకు జరిపి తీసిండ్రు. మన కండ్లు గూడ గట్లనే చెరో బొమ్మ చూస్తయి. రెండూ కలిస్తెనే పడవ లేచి నిలవడ్తది. ఎన్నడో పోయిన మనుషులు గూడ ఎదురుంగ నిల్సున్నట్టుంటరు. అందుకే దీన్ని పారేయబుద్ధి కాదు."

"నాకు నిలవడ్తలేదు."

"నిలవడ్తదో లేదో నాకు తెల్వది. నేను డాక్టర్‌ను గాదు. కూసో, చూసుకుంట ఉండు."

అందరూ తెలిసినట్టు మాట్లాడుతున్న రోజుల్లో ఆ "తెల్వది" నాకు ఊపిరాడనిచ్చింది.

వారాలు గడిచినా పడవ అట్టకే అతుక్కుని ఉంది. చివరకు ఆమె నా భార్య లతను పిలిపించి, చాయ్ గ్లాసు ముందుకు చాపి నిలబడమంది. ఒక ఫొటో తీసి, కెమెరాను నాలుగు వేళ్ల వెడల్పు జరిపి మరొకటి తీసింది. "కదలకు పిల్లా, ఖరాబైతది" అని గదమాయించింది కూడా. ఆ జంటను అట్టకు అంటించి నా చేతికిచ్చింది.

మొదట్లో అది కూడా చదునుగానే ఉంది. ఒక సాయంత్రం చూస్తుండగా లత వెనకున్న తెర మెల్లగా దూరం జరిగింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి నా దాకా వచ్చింది. నాకు తెలియకుండానే చెయ్యి చాపాను.

"ఏం పట్టుకుంటున్నవ్ తమ్మీ?"

"చాయ్, అక్కా."

ఆమె అక్కడే స్టూలు మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు గూడ మస్తు భయమైంది తమ్మీ, నీకు చెప్పలే" అంది. ఇద్దరం ఏడ్చి, ఆ ఏడుపు చూసుకుని నవ్వాం. పరీక్షలో డాక్టరు కూడా సరేనన్నాడు. మళ్లీ డ్యూటీకి ఎక్కాను.

అందరూ సెల్‌ఫోన్లలోనే ఫొటోలు తీసుకోవడం మొదలయ్యాక స్టూడియో మూతపడింది. రాష్ట్రం వచ్చిన ఏడాదే సరోజక్క కన్నుమూసింది. ఇప్పుడు తోటివాళ్లెవరైనా దవాఖానలో ఉన్నారంటే తీరిక చేసుకుని వెళ్తాను. "ఏం కాదు" అనను. మంచం పక్కన కూర్చుంటాను, వాళ్లు పొమ్మనేదాకా.