గంట తాడు

మొన్నటి ఆదివారం మా చర్చిలో ఆరాధన మొదలుపెట్టే మూడో గంటకు సరిగ్గా ముందు కరెంటు పోయింది. ఇప్పుడు గంట కొట్టడమనేదేమీ లేదులెండి. ఎవరో ఎక్కడో కొట్టిన గంటను ఫోనులో దాచుకుని గోపురం మీది స్పీకరులో వినిపించి, దాన్నే గంట అంటున్నారు. కరెంటుతో పాటే ఆ గంటా పోయింది. చెవికి మైకు తగిలించుకుని సినిమా హీరోలా తిరిగే మా కుర్ర పాస్టరు ఏం చేయాలో తోచక, గోడ పక్కన రెండు టేకు స్తంభాల మధ్య వేలాడుతున్న పాత గంట వైపు ఒకసారి, మాతో పాటు బయట కుర్చీల్లో కూర్చున్న మా తమ్ముడి వైపు ఒకసారి చూశాడు. స్పీకరు వచ్చేదాకా యాభై ఏళ్ళు ఆ గంట కొట్టినవాడు తమ్ముడే. వాడు లేచి వెళ్ళి తాడు పట్టుకున్నాడు గానీ కుడి భుజం పైకి లేవలేదు. అప్పుడు తాడు కొస నా వైపు చాచి, అందరూ చూస్తుండగా, "అన్నా, నువ్వు కొట్టరాదే" అన్నాడు.

ఆ తాడు కోసమే మా ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి.

జూలూరుపాడు అవతల అడవి అంచున పెరిగిన నా ఈడువాళ్ళకు మా ఇల్లు గుర్తుండే ఉంటుంది. మా తాత టేకు కలప కాంట్రాక్టరు. ఈ చర్చి నిలబడింది ఆయన కోయించిన దూలాల మీద, ఆ గంట వచ్చింది ఆయన కట్టించిన ఎడ్లబండి మీద. అందుకే గంట తాడు మా ఇంటి పెద్దకొడుకుదని పెద్దలు రాసిచ్చినంత పని చేశారు. మొదటి గంటకు స్నానాలు, రెండో గంటకు మంచి బట్టలు, మూడో గంటకు బెంచీ. చుట్టుపక్కల మూడు ఊళ్ళ ఆదివారం మా చేతిలో ఉండేది. ఆ కలప పోయింది, పొలాలు పోయాయి, బంగళా పెంకుల స్థానంలో రేకులొచ్చాయి, తాత చేయించిన టేకు బెంచీలు తీసేసి చర్చిలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను వాటిలో కూడా వీపు ఆనించకుండానే కూర్చుంటాను. పెళ్ళిభోజనాల కుర్చీకి జారబడడం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

మా నాన్నకు తమ్ముడంటే ప్రాణం. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో వాడు కీర్తన మొత్తం గడగడా అప్పజెప్పేవాడు. నేను మూడో వచనం దగ్గర తడబడి, అడవిలో తిరిగొచ్చిన చెమటతో, దిక్కులు చూస్తూ నిలబడేవాణ్ణి. నాన్న చెయ్యి వాడి తల మీదే ఎక్కువసేపు ఉండేది. బైబిలులో ఇస్సాకు ముసలితనాన కళ్ళు కనబడక చిన్నకొడుకు చేతిలో మోసపోయాడు, పాపం అనుకోవచ్చు. మా నాన్నకు కళ్ళు దివ్యంగా కనబడేవి. ఆయన చూస్తూ చూస్తూ మోసపోయాడు. ఇక అమ్మ, నా కంచంలో ఒక ముక్క ఎక్కువ వేసి, "మీ నాయినకు వాడు, నాకు నువ్వు బిడ్డా" అని చెవిలో చెప్పేది. ఓదారుస్తున్నాననుకునేది. ఇద్దరూ కలిసి ఇంటిని మధ్యకు చీల్చి, పొద్దున్నా సాయంత్రం ఆ చీలిక మీదే మోకాళ్ళూని ప్రార్థన చేసేవారు.

నాకు పదిహేనేళ్ళు. తాడు చేతికొచ్చి మూడేళ్ళు. ఇప్పపూలు రాలే కాలం. ఆ ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభుబల్ల ఉంది. బల్ల ఉన్న రోజున ఆరాధన ముగిసేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగదు, ఎవరూ మెతుకు ముట్టరు. నేను తెల్లవారగానే కోయగూడెం స్నేహితుడితో పూలేరడానికి పోయి, పరుగున వచ్చి మొదటి గంట కొట్టాను. రెండో గంట వేళకు కడుపులో పేగులు మెలితిరుగుతున్నాయి. తమ్ముడు పక్కకొచ్చి, "అన్నా, రాత్రి మిగిలిన బువ్వున్నది, మామిడికాయ తొక్కున్నది. తెస్త. తాడు నాకిస్తవా?" అన్నాడు. "ఇయ్యాలొక్కనాడేనా?" అన్నాను. "నీ ఇష్టమే" అన్నాడు, ఎంత వినయంగానో. చర్చి వెనక గోడకు చేరగిలబడి నేను చద్దన్నం తింటుంటే వాడు రెండో గంట, మూడో గంట లెక్క తప్పకుండా కొట్టాడు. నాన్న నా మూతికి అంటిన తొక్కు చూశాడు, వాడి చేతిలోని తాడు చూశాడు. "బువ్వ కాడికి ఉరికెటోనికి తాడెందుకురా?" అన్నాడు. అంతే. ఆ ఒక్క ఆదివారం యాభై ఏళ్ళయింది.

దొంగతనం జరిగిందని నేను ఊరంతా చెప్పాను. ఊరు నవ్వి, నా వెనక నాకు ఏశావని పేరు పెట్టింది. ఏశావు! గిన్నెడు చిక్కుడుకాయల వంటకానికి తమ్ముడికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఆ ఇస్సాకు పెద్దకొడుకుతో, ఆ తిండిపోతుతో నన్ను పోల్చినందుకు నేను ఆ ఊరినీ క్షమించలేదు, ఏశావునీ క్షమించలేదు. తమ్ముడితో అమ్మ మధ్యవర్తిత్వంలోనే మాట్లాడాను. అమ్మ పోయాక అదీ లేదు. చివరికి నాకూ ఇద్దరు కొడుకులు పుట్టారు. పెద్దవాడు పెద్దవాడే అని, అన్నం నుంచి ఆశీర్వాదం దాకా మొదటిది వాడికే పెట్టాను, న్యాయం చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఒకడు అశ్వారావుపేటలో, ఒకడు తల్లాడలో ఉంటున్నారు. ఎవరైనా చచ్చిపోతే తప్ప ఒకడికొకడు ఫోను చేసుకోరు. నాన్నకంటే నేను ఎక్కువ తెలివైనవాణ్ణి కాదని ఇంత ఆలస్యంగా ఒప్పుకోవడం నాకేం ఇష్టంగా లేదు.

ఇక మొన్నటి సంగతి. తాడు కొస నా ముందుంది. వెనక కుర్చీలోంచి ఒకామె, "పోరాదే పెదనాయినా, ఇంకా ఏందట?" అని గొణిగింది. నేను లేవలేదు. అన్నాళ్ళు దాచుకుని, భుజం పడిపోయాక ఇచ్చే తాడు మా తాత మనవడికి అక్కర్లేదనుకున్నాను. వాడు తాడు ఎడమ చేతికి మార్చుకుని లాగాడు. మూడో గంటంటే మూడు దెబ్బలు. ఒకటి మోగింది. రెండోది సగం మోగింది. మూడోదానికి తాడు చేతిలోంచి జారిపోయింది. జనం ఆ మూడో దెబ్బ కోసం ఎదురుచూసి, రాదని తెలిసి, లోపలికి నడిచారు.

ఆ రోజు ప్రసంగ వాక్యం, ఎలా కుదిరిందో గానీ, ఇస్సాకు ఇంటి గురించే. తెర మీద బొమ్మలు వేయడానికి కరెంటు లేక, పాస్టరు ఫోను చూసుకుంటూ పిల్లల పెంపకం మీద చిట్కాలు చదివాడు. పెళ్ళయి ఏడాది కాని మనిషి, ఇంకా ఉయ్యాల కొనలేదు. నేను చివరిదాకా వినకూడదనే అనుకున్నాను. కానీ చివర్లో అతను, ఏళ్ళ తర్వాత తమ్ముడు ఎదురొస్తుంటే ఏశావు పరుగెత్తిపోయి మెడ కౌగిలించుకుని ఏడ్చిన సంగతి చెప్పాడు. చిన్నప్పటి నుంచి వంద సార్లు విన్న కథే. నేను ఎప్పుడూ వంటకం గిన్నె దగ్గరే దాన్ని మూసేసేవాణ్ణి. నేను జీవితమంతా చులకన చేసిన ఆ తిండిపోతు, తనను మోసగించినవాడి కోసం పొలాలకడ్డంగా ఉరికాడు. నాకూ మా తమ్ముడికీ మధ్య మొన్న పది అడుగులే ఉన్నాయి.

సాయంత్రానికి కరెంటు వచ్చింది, స్పీకరు మోగింది. ఇప్పుడు మొదటి గంటకు స్నానానికి లేచేవాళ్ళెవరూ లేరు, మూడో గంటకు బెంచీ చేరేవాళ్ళూ లేరు. అందరూ ఫోనులో టైము చూసుకుని, పాట సగమయ్యాక వస్తారు. మేమిద్దరం పోయాక ఆ తాడు ఎవరో బర్రెను కట్టేయడానికి పట్టుకుపోతారు. దాని కోసం ఒక ముద్ద చద్దన్నం తెచ్చిపెట్టే తమ్ముడు ఈ ఊళ్ళో ఇక పుట్టడు.